మోకు జారితే.. రెండు సెకన్లే!
తాటిచెట్టుపై గీత కార్మికుల నిత్య సాహసం
పట్టు తప్పినా ప్రాణాలతో బయటపడాలంటే జాగ్రత్తలే శరణ్యం

నల్గొండ: తెల్లవారకముందే భుజాన మోకు, నడుమున ముస్తాదు, చేతిలో లొట్టితో చెరువు కట్టల వైపు, పొలం గట్ల వైపు సాగిపోయే గీత కార్మికులు ఉమ్మడి జిల్లా పల్లెల్లో నిత్యం కనిపిస్తారు. వారు ఎక్కే తాటిచెట్టు సాధారణంగా 40 నుంచి 60 అడుగుల ఎత్తుంటుంది. దానికి కొమ్మలుండవు. పట్టు తప్పితే మధ్యలో ఆదుకునే ఆసరా ఏదీ ఉండదు. 50 అడుగుల పైనుంచి జారిన మనిషి రెండు సెకన్ల లోపే నేలను తాకుతాడు. ఆ క్షణాన అతని వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. తరతరాలుగా వస్తున్న కులవృత్తుల్లో ఇంతటి ప్రాణాపాయం ఉన్నవి అరుదు.

ఆధారం మోకు ఒక్కటే

గీత కార్మికుని పరికరాలు కొన్నే. నడుమును, చెట్టును కలిపి చుట్టే దట్టమైన తాడు మోకు. నడుముకు కట్టుకునేది ముస్తాదు. పాదాలకు తగిలించుకునేది గుజి. వీటికి తోడు గీత కత్తులు, కల్లు పట్టే లొట్టి ఉంటాయి. పాదాలతో చెట్టును అదిమిపట్టి, మోకును కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటూ ఎక్కుతారు.

అసలు కష్టం పైకి చేరాకే మొదలవుతుంది. గెలను పలుచగా చెక్కడానికి రెండు చేతులూ కావాలి. అందుకని కార్మికుడు వెనక్కు వాలి, ఒంటి బరువంతా మోకుపై మోపి పని చేస్తాడు. అంతసేపూ అతని ప్రాణం ఆ తాడుపైనే ఉంటుంది. పది చెట్లు గీసేవారు ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఎక్కితే, ఒక్కో చెట్టు 50 అడుగుల లెక్కన రోజుకు వెయ్యి అడుగులు ఎక్కి, వెయ్యి అడుగులు దిగినట్లే.

ప్రమాదాలకు కారణాలివీ

వానకు తడిసిన చెట్టుపై మోకు నిలవదు, పాదం ఆనదు. తొలకరి జల్లుల వేళ, మంచు కురిసే తెల్లవారుజామున ముప్పు ఎక్కువ. పాతబడి అరిగిన మోకు బరువుకు తెగిపోవడం మరో కారణం. ఎండిన మట్టను పట్టుకుంటే అది ఊడి చేతికి వస్తుంది. గాలిదుమారంలో చెట్టు ఊగిపోతుంది. పొలాల్లో ఒంటరిగా నిలిచిన ఎత్తైన తాటిచెట్లపై పిడుగులు పడటం తెలిసిందే. చెట్టుకు దగ్గరగా వెళ్లే విద్యుత్ తీగలూ ప్రాణాంతకమే. నిండిన లొట్టితో దిగేటప్పుడు బరువు ఒకవైపు లాగడం వల్ల కూడా పట్టు తప్పుతుంది.

త్రుటిలో తప్పే ముప్పు

గీత కార్మికులున్న ఏ ఊళ్లో అడిగినా చావు అంచు దాకా వెళ్లి వచ్చిన ఉదంతాలు వినిపిస్తాయి. తాటి మొవ్వులో పక్షి గుడ్ల కోసం, ఉడుతల కోసం చేరిన పాము ఎదురుపడటం అందులో ఒకటి. ఉలిక్కిపడి వెనక్కు జరిగితే కింద పడటమే. మట్టల చాటున గూడు కట్టిన కందిరీగలు, తేనెటీగలు లేస్తే దులుపుకోవడానికీ వీలుండదు. కుట్టించుకుంటూనే, తొందరపడకుండా, ఒక్కో అడుగూ చూసుకుని దిగినవారే బతికి బయటపడ్డారు.

అన్నిటికంటే భయానకమైనది తలకిందులుగా వేలాడటం. పాదాలు జారి ఒళ్లు వెనక్కు వాలినప్పుడు మోకు బిగుసుకోకపోతే మనిషి నేలపై పడతాడు. బిగుసుకుంటే తల కిందికి, కాళ్లు పైకి అయి చెట్టుకే వేలాడుతాడు. ఆ మోకే అతని ప్రాణం నిలిపినట్లు. కానీ ఆ స్థితిలో ఊపిరి తీసుకోవడం కష్టం. రక్తం తలకు చేరి స్పృహ తప్పే ప్రమాదముంది. కేక వినబడేంత దూరంలో మరో కార్మికుడు ఉంటే సరి, లేకుంటే దక్కిన ప్రాణమూ దక్కనట్లే. ఈ తరహా ప్రమాదాల నుంచి బయటపడిన వారిలో ఎక్కువమందిని కాపాడింది పక్క చెట్టుపై ఉన్న తోటి కార్మికుడే.

దించేటప్పుడు జాగ్రత్త

వేలాడుతున్న వ్యక్తిని చూసి కంగారుగా మోకు కోయరాదు. మరో కార్మికుడు తన మోకుతో అదే చెట్టెక్కి, ముందుగా బాధితుని తలను, వీపును పైకెత్తి ఆనించాలి. చంకల కింద నుంచి వేరొక తాడు కట్టి, బరువు ఆ తాడుపైకి మారాకనే మోకు వదులు చేయాలి. పైకి ఎక్కగలవారు లేకుంటే అగ్నిమాపక శాఖకు 101 నంబరుకు ఫోన్ చేయాలి.

కింద పడిన వ్యక్తిని కూర్చోబెట్టడం, భుజాలు పట్టి లేపడం, ఆటోలో ముడిచి పడుకోబెట్టడం చేయరాదు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ కదలికతోనే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. మెడ, వీపు కదలకుండా చెక్కపైనో, తలుపు రెక్కపైనో పడుకోబెట్టి 108 అంబులెన్సుకు సమాచారమివ్వాలి. నీళ్లు తాగించరాదు.

కాటమయ్య రక్షణ కవచం

గౌడుల ఇలవేల్పు పేరిట ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీని 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. పర్వతారోహకులు వాడే తరహాలో నడుముకు, తొడలకు పట్టీలు, చెట్టును చుట్టే తాడు, క్లిప్పులు ఇందులో ఉంటాయి. పాదం జారినా తాడు బిగుసుకుని మనిషిని పట్టి ఆపుతుంది. అయితే కిట్టు తీసుకుని ఇంట్లో ఉంచితే ప్రయోజనం లేదు. తక్కువ ఎత్తులో సాధన చేసి, అలవాటు పడ్డాకనే పెద్ద చెట్లు ఎక్కాలి. కిట్టు ధరించి వేలాడుతున్నా ఆలస్యం తగదు. కదలకుండా ఉంటే రక్తం కాళ్లలోనే నిలిచి సొమ్మసిల్లే ప్రమాదముంది గనుక కాళ్లు ఆడిస్తూ ఉండాలి.

పరిహారం పొందాలంటే

తెలంగాణలో చెట్టుపై నుంచి పడి మరణించినా, శాశ్వత వైకల్యం పొందినా 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన కల్లు విధానంలో మరణ పరిహారాన్ని 10 లక్షలకు పెంచారు. ఇది దక్కాలంటే గీత సహకార సంఘంలో సభ్యత్వం గానీ, ‘ట్రీ ఫర్ ట్యాపర్’ కింద లైసెన్సు గానీ ఉండాలి. తండ్రి పేరిట ఉన్న లైసెన్సుతో కొడుకు చెట్టెక్కి పడితే, ఆ కుటుంబం చేతికి అందవలసిన సాయం చిక్కుల్లో పడుతుంది.

ప్రమాదం జరిగిన వెంటనే ఎక్సైజ్, పోలీసు స్టేషన్లలో తెలియజేయాలి. మరణం సంభవిస్తే పంచనామా, పోస్టుమార్టం నివేదికలు అవసరం. వైకల్యమైతే ఆసుపత్రి కాగితాలతో పాటు మెడికల్ బోర్డు ధ్రువపత్రం కావాలి. దుఃఖంలో పోస్టుమార్టం వద్దని అంత్యక్రియలు ముగిస్తే ఆ తర్వాత రుజువు చూపడం కష్టమవుతుంది.

తెలంగాణలో గీత కార్మికునికి 50 ఏళ్లకే పింఛనుకు అర్హత ఉంది. ఆ వయసుకు మోకాళ్లు, నడుము ఎంతగా అరిగిపోతాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇవి మరవొద్దు
* ఒంటరిగా చెట్టెక్కవద్దు. ఏ తోటకు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పాలి.
* మోకును రోజూ పరిశీలించాలి. నూలుపోగు తెగినట్లున్నా మార్చాలి.
* వాన, ఉరుములు, గాలిదుమారం ఉన్నప్పుడు ఎక్కరాదు.
* కల్లు సేవించి చెట్టెక్కరాదు.
* సభ్యత్వం, లైసెన్సు సొంత పేరిట ఉండేలా చూసుకుని, సకాలంలో పునరుద్ధరించుకోవాలి.