నీరు పీల్చు జెల్లులు : మాంసకృత్తుల సాంద్రీకరణ చరిత్ర

పాలను మరిగించి కోవా చేయుట అందరెఱిగినదే. నీరు ఆవిరియై పోవును, సారము మిగులును. కాని యీ మార్గము జీవరసాయనజ్ఞునకు సామాన్యముగ ఉపకరింపదు. వేడి తగిలిన కోడిగ్రుడ్డు సొన గడ్డకట్టునట్లే మాంసకృత్తులు (ప్రోటీనులు) రూపు చెడును. ఎంజైములు తమ శక్తిని కోల్పోవును. రక్తరసమునుండియో కణజాలమునుండియో యెంతో శ్రమతో వేరుచేసిన పదార్థము తఱచుగా మిక్కిలి పలుచని ద్రావణముగనే చేతికి వచ్చును. దానిని చెడనీయక చిక్కపఱచు టెట్లు?

పెద్ద అణువులను ఆపి చిన్నవానిని పోనిచ్చు పొరలతో డయాలిసిస్ పద్ధతిని 1861లో థామస్ గ్రాహము వివరించెను. అట్టి పొరసంచిలో ద్రావణమును నింపి, పాలిఎథిలీన్ గ్లైకాలుచే వెలుపలికి నీటిని లాగించు సులభోపాయమును 1959లో కోన్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించెను.

ఆ కాలముననే స్వీడను దేశపు ఉప్సాలాలో వేఱొక మార్గము ఏర్పడినది. చక్కెర రసమున ల్యూకోనాస్టాక్ అను సూక్ష్మజీవి పుట్టించు జిగురు మిల్లులకు బెడద. ఈ జిగురే డెక్స్‌ట్రాను. 1940 దశకమున ఇంగెల్మన్, గ్రోన్‌వాల్ అనువారు దీనిని రక్తరసమునకు బదులుగ వాడదగిన ద్రవముగ మలచిరి. దాని గొలుసులను ఎపిక్లోరోహైడ్రినుతో ముడివేసినచో నీట కరగక ఉబ్బు జెల్లు సిద్ధించును. ఇది అణువులను పరిమాణమును బట్టి వేఱుచేయునని 1959లో పోరాత్, ఫ్లోడిన్ చూపిరి. ఫార్మేసియా సంస్థ దానిని ‘సెఫడెక్స్’ పేర విక్రయించెను. మఱుసటి యేడు ఫ్లోడిన్, గెలొట్టె, పోరాత్ పొడి జెల్లుతో స్థూలాణువులను సాంద్రీకరించు పద్ధతిని ప్రకటించిరి.

సెఫడెక్స్ జి-25 పొడి గ్రాముకు సుమారు 2.5 గ్రాముల నీటిని గ్రహించును. 100 మిల్లీలీటర్ల ద్రావణమున 20 గ్రాములు వేసినచో సుమారు సగము నీరు పూసలలో చేరును. పెద్ద మాంసకృత్తులు లోనికి పోజాలక వెలుపలనే నిలుచును. ఇందలి విశేషము వేఱొకటి: లవణములు నీటితోగూడ లోనికి పోవుటచే వెలుపల లవణ సాంద్రతయు ఆమ్లతయు అంతగా మాఱవు. నీటిని ఆవిరిచేయు పద్ధతులలో నట్లుగాక, లవణములును చిక్కనై మాంసకృత్తులకు హాని చేయవచ్చును.

లోపమును లేకపోలేదు. పూసల నడుమ కొంత ద్రవము చిక్కుకొనును. అపకేంద్ర యంత్రమున త్రిప్పి రాబట్టినను కొంత నష్టము తప్పదు. చేతనున్నది కొన్ని మిల్లీగ్రాములే యైనచో నది స్వల్ప నష్టము కాదు.

1970 దశకమున అమెరికాలోని పియోరియా వ్యవసాయ పరిశోధనాలయమువారు పిండిపదార్థమునుండి, తన బరువునకు వందలరెట్లు నీరు త్రాగు పదార్థమును సిద్ధపఱచిరి. జెల్లు పీల్చిన నీటిని విడిపించి దానినే మరల వాడు మార్గమును 1984లో కస్లర్, ఆయన సహచరులు చూపిరి. నేడు ప్రయోగశాలలలో సూక్ష్మరంధ్రపు పొరల వడపోతయే ప్రబలము. అయినను విద్యుత్తుగాని యంత్రముగాని పెద్దగా కోరక, వేడి తగులనీయక, నీటిని తొలగించు నీ పొడి పద్ధతి విలువ తగ్గలేదు. మిల్లులకు బెడదయైన జిగురే జీవరసాయనమునకు సాధనమగుట స్మరింపదగినది.