పుట్టింటి దానిమ్మ కొమ్మ

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో మా అన్నయ్య ఊళ్ళో పాత ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్ళు పడగొట్టి మేడ కట్టుకుంటారట. నూతి పక్కన అమ్మ పెంచిన దానిమ్మ చెట్టు ఎలాగూ పోతుంది. ఇత్తడి సామాను పంచుకునేటప్పుడు నోరెత్తని నేను, "అన్నయ్యా, ఆ దానిమ్మ కొమ్మలు నాలుగు కోసుకుపోతాను" అన్నాను. వదిన ఫక్కున నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుని, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

తెచ్చి పెరట్లో గుచ్చి, ప్రేమకొద్దీ రెండుపూటలా బిందెలతో నీళ్ళు పోశాను. ఇరవై రోజులు తిరక్కుండా మూడు కొమ్మలు అడుగున నల్లబడి కుళ్ళిపోయాయి. మాది నల్లరేగడి నేల. తడిస్తే కాలికి చెప్పుతో సహా అంటుకుంటుంది. ఎండితే బీటల్లో చెయ్యి దూరుతుంది. ఇక మిగిలింది ఒక్కటే కొమ్మ. అదీ పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి అక్కడ చెట్టు లేదు. ఆ భయమే నాచేత పుస్తకాలు తిరగేయించింది.

అలా తారసపడ్డారు వరాహమిహిరులవారు. 6వ శతాబ్దంలో ఉజ్జయిని ప్రాంతంలో ఉన్న మహా జ్యోతిష్కుడు. ఆయన రాసిన బృహత్సంహితలో గ్రహాలు, మేఘాలు, రత్నాలు, ఇళ్ళు అన్నిటితో పాటు వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయం ఉంది. అందులో కొమ్మ నాటితే బతికే చెట్లను వరసగా చెప్పాడు. అశోకం, నేరేడు, ద్రాక్ష, మాదీఫలం, వాటి మధ్యన మా దానిమ్మ! కొమ్మకు ఆవుపేడ పూసి నాటమన్నాడు. గులాబీ కొమ్మ గుచ్చి, కొసన పేడముద్ద పెట్టే మా అమ్మకు సంస్కృతం రాదు. ఆ విద్య ఆమెకు పుస్తకంలోంచి కాదు, పెరట్లోంచి వచ్చింది.

అంతకంటే నన్ను ఆపేసిన మాట నేల గురించి. మెత్తని నేల అన్ని చెట్లకూ మంచిదట. ముందుగా అందులో నువ్వులు చల్లి, పూతకు వచ్చాక అక్కడే నలగ్గొట్టి మట్టిలో కలిపెయ్యాలట. నేలకు చెయ్యవలసిన మొదటి పని అదేనట. ఈనాడు రైతులు జనుము, జీలుగ చల్లి దున్నేస్తున్నది ఇందుకే కదా! రేగడిమట్టి రేణువులు మరీ సన్నం. నీళ్ళు తాగి ఉబ్బిపోతే వాటి మధ్య గాలి ఆడదు. వేళ్ళకూ ఊపిరి కావాలి. వేళ్ళే లేని కొమ్మ ఆ బురదలో కుళ్ళక ఏం చేస్తుంది? పచ్చిరొట్ట చివికితే మట్టి గట్టిముద్దగా కాక, పొడిపొడిగా, గుల్లగా తయారవుతుంది. పిడికెడు ఇసుక చల్లినంత మాత్రాన రేగడి మారిపోదు.

సురపాలుడనే మరొకాయన కూడా వృక్షాయుర్వేదం రాశాడు. దాని రాతప్రతి ఎక్కడో ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉండిపోయింది. 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసింది. అనువదించింది నళినీ సాధలే అనే విదుషి అని తెలిసి నాకెంత గర్వమేసిందో!

ఇక సముద్రాలు దాటిన మొక్కల కథ మరొకటి. పూర్వం ఓడల్లో వేసిన మొక్కలు ఉప్పుగాలికీ, మంచినీళ్ళ కరువుకీ దారిలోనే చచ్చిపోయేవి. 1829లో లండనులో నథానియల్ వార్డ్ అనే డాక్టరు, చిలకపురుగు గూడును తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి అలా ఉంచి, మట్టిలోంచి చిన్న ఫెర్న్ మొక్క మొలిచింది. లోపలి తేమ ఆవిరై, అద్దానికి పట్టి, మళ్ళీ మట్టిలోకే జారుతోంది. ఆ కిటుకుతో ఆయన అద్దాల పెట్టెలు చేయించి, 1833లో మొక్కల్ని సిడ్నీ పంపిస్తే క్షేమంగా చేరాయి. 1848 తరవాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కల్ని హిమాలయాల వైపు తరలించింది కూడా ఇలాంటి పెట్టెల్లోనే. మనం తాగే కాఫీ, టీలు ఊరికే రాలేదమ్మా!

కొమ్మకు వేరెందుకు వస్తుందో 1930లలో గానీ తేలలేదు. చిగుళ్ళలో పుట్టే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగి, కోసిన చోట చేరి వేళ్ళు పుట్టిస్తుంది. అందుకే కొమ్మను తలకిందులుగా నాటితే లాభం లేదు. 1935 నాటికి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసిన ఆక్సిన్‌తోనే కొమ్మలకు వేళ్ళు రప్పించారు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే వేళ్ళ పొడి ఆ ఇంటి పిల్లే.

ఇదంతా చదివి నా నాలుగో కొమ్మను జాగ్రత్తగా పెకలించాను. కింది కొస తాజాగా కోసి, ఇసుకా చివికిన పేడ ఎరువూ కలిపిన కుండీలో గుచ్చి, వార్డుగారి అద్దాల పెట్టెకు బదులు పాలిథీన్ సంచి కప్పి నీడన పెట్టాను. పెరట్లో నువ్వులు చల్లాను. పూతకొచ్చిన చేను పీకి మట్టిలో కలుపుతుంటే అత్తయ్యగారు నోరు నొక్కుకున్నారు. "సంక్రాంతి అరిసెల్లోకి పనికొచ్చేవి కదమ్మాయ్!" అన్నారు. వానలు పడేసరికి ఆ మట్టి చేతిలో పొడిపొడిగా రాలింది. వేళ్ళు పట్టిన కొమ్మను అందులో నాటాను.

గింజ నాటితే వచ్చేది చెట్టుకు బిడ్డ. దాని గుణాలు ఎలా ఉంటాయో చెప్పలేం. కొమ్మ నాటితే వచ్చేది ఆ చెట్టే. అమ్మ కూడా ఆ కొమ్మను అమ్మమ్మగారి పెరట్లోంచే తెచ్చుకుందట. అంటే ఆ నూతి పక్కన చెట్టును కొట్టేసినా, అది చచ్చిపోలేదన్నమాట.

ఈ ఏడు ఎర్రగా పూసింది. ఆ సంగతి తెలిసి మొన్న వదిన ఫోన్ చేసింది.

"వదినా, నాకూ ఓ కొమ్మ ఉంచుతావూ?"

ఈసారి నవ్వడం నా వంతయింది. "ఉంచుతాను గానీ, ముందు మీ పెరట్లో నువ్వులు చల్లుకో" అన్నాను.