ఆనకట్ట, వల, గాలం: మద్రాసు రాజధానిలో చేపల రక్షణ చరిత్ర

1. ప్రస్తావన
సముద్రతీరం లేని కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులు సముద్రపు చేపల చరిత్ర ఎందుకు చదవాలి? తుంగభద్ర నీరు కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. అదే సముద్రం నుంచి కొన్ని చేపలు గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది నదుల్లోకి వస్తాయి. సముద్రంలో విలస అని పిలిచే చేప గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. అందువల్ల నది మీద కట్టే ప్రతి కట్టడమూ చేపల చరిత్రలో భాగమే.

2. ఆనకట్టల కాలం
ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. 1860ల దశకంలో ఒక ప్రైవేటు కంపెనీ తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టతో కర్నూలు–కడప కాలువ పని చేపట్టింది. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. ఈ కట్టడాలు పొలాలకు నీరిచ్చాయి. చేపల దారికి అడ్డుపడ్డాయి. ఈ ప్రమాదాన్ని 1867లో ప్రభుత్వ దృష్టికి తెచ్చినవాడు ధవళేశ్వరం నిర్మాత సర్ ఆర్థర్ కాటనే కావడం గమనార్హం. తరువాత ఫ్రాన్సిస్ డే విచారణ జరిపి, 1873లో మంచినీటి చేపలపై నివేదిక సమర్పించాడు.

3. గాలం వేసిన అధికారులు
పులస వలకు దొరికే చేప. ఆంగ్లేయ అధికారులు వినోదం కోసం గాలంతో పట్టినది ముఖ్యంగా మహసీర్. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో చెరువుల్లో గాలపు వేటపై మరో గ్రంథం ప్రచురించాడు. చేపలు మిగిలితేనే వేట మిగులుతుందన్న స్పృహ వేటగాళ్లలోనూ కలిగింది.

4. 1897 చట్టం
భారత మత్స్య చట్టం డైనమైటుతో, విషంతో చేపలు చంపడాన్ని నేరంగా ప్రకటించింది. పాతి కట్టే వలలు, అడ్డుకట్టలు, వలల కొలతలపై నియమాలు చేసే అధికారాన్నీ, ఎంపిక చేసిన జలాల్లో రెండేళ్లకు మించకుండా వేట నిషేధించే అధికారాన్నీ ప్రభుత్వాలకు ఇచ్చింది. అయితే అప్పటికే నిలిచిన పెద్ద ఆనకట్టలు అలాగే ఉన్నాయి.

5. విశ్లేషణ
నిషేధం వస్తే సరదాగా గాలం వేసేవాడు ఒక సెలవు రోజును కోల్పోతాడు. జాలరి ఆ పూట కూడు కోల్పోతాడు. ఈ తేడాను గుర్తించని రక్షణ న్యాయమైనది కాదు. పిల్ల చేపను తిరిగి నీటిలో వదలడం, గుడ్లు పెట్టే కాలంలో వేట మానడం అవసరమే. కానీ వదిలిన చేపకు పైకి వెళ్లే దారి లేకపోతే ఆ సంయమనం సగమే ఫలిస్తుంది. నేటికీ పులస వేట ప్రధానంగా ధవళేశ్వరం దిగువనే సాగుతోంది. కాబట్టి చేపల రక్షణను వల, గాలం పట్టిన చేతితో మాత్రమే కాక, నదిని మళ్లించిన విధానంతో కలిపి అధ్యయనం చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1897 చట్టం ఎవరి చర్యలను అదుపు చేసింది? ఏ సమస్యను పరిష్కరించలేకపోయింది? పది పంక్తుల్లో వివరించండి.