కాయితం ఎవరి చేతిలో ఉంది?

చట్టం రావడం వేరు, అది మాలమాదిగ వాడలకు చేరడం వేరు. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని ఇతరులు కొన్నా చెల్లదని, దాన్ని తిరిగి ఇప్పించవచ్చని 1977లోనే 9వ చట్టం చెప్పింది. అయినా ఎన్నో ఊళ్లలో పట్టా ఒకరిది, సాగు మరొకరిది. ఎందుకని? అడంగల్ రాసే కలం కరణం, పట్వారీల చేతిలో ఉంది గనక. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. రికార్డు చదవడం మాత్రం మనవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

2000 దశాబ్దంలో ఇందిరా క్రాంతి పథం కింద పారాలీగల్స్ ఆ పనికి పూనుకున్నారు. వీళ్లు వకీళ్లు కారు, కోర్టులో వాదించలేరు. ఊళ్లలో చదువుకున్న పేదింటి పిల్లలు. పట్టాలను అడంగల్‌తో సరిచూశారు, కమ్యూనిటీ సర్వేయర్లతో కలిసి హద్దులు తేల్చారు, అర్జీలు రాయించి తహసీల్దారు ముందు పెట్టించారు.

దీన్ని ఒట్టి సాయమంటే మేం ఒప్పుకోం. కాయితం మీద అగ్రకులాల గుత్తాధిపత్యాన్ని ఇది కదిలించింది. ప్రభుత్వం మాత్రం దీన్ని పథకంగానే చూసింది. పథకాలు పోతాయి, నేర్చిన విద్య వాడలో నిలవాలి. అక్కడ మిగిలిన అర్జీల నకళ్లను చెదలు తినకముందే మనం సేకరించాలి. మన భూమి చరిత్ర వాటిలో ఉంది.