నిలకడ బలం – ఎగసే బలం: ఉత్తరాంధ్ర వ్యాయామ చరిత్ర నేపథ్యంలో పరుగు శిక్షణ

ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో దేహబలం అనగానే స్ఫురించే పేరు కోడి రామమూర్తినాయుడు. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టారు. సైనిక నియామకాల కోసం తెల్లవారకముందే పరుగు సాధన చేసే ఈ ప్రాంత యువకులు ఆయన కథలు వింటూ పెరిగినవారే. అయితే మల్లయోధుని బలం, పరుగువీరునికి కావలసిన బలం ఒకటేనా అన్నది విచారించదగిన విషయం. ఐసోమెట్రిక్, ప్లయోమెట్రిక్ శిక్షణా పద్ధతులను స్థానిక వ్యాయామ చరిత్ర ఆధారంగా పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నిలకడ బలం:

రామమూర్తినాయుడు వీరఘట్టంలో జన్మించారు. నాటి శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన ఆ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. అనంతరం సర్కస్ కంపెనీ నడిపి ‘కలియుగ భీముడు’గా ప్రఖ్యాతి పొందారు. 1942లో మరణించారు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, ఏనుగును ఛాతీపై నిలుపుకోవడం, ముందుకు లాగే కార్లను కదలకుండా ఆపడం ఆయన ప్రసిద్ధ ప్రదర్శనలు. వీటన్నిటిలో దేహం దాదాపు నిశ్చలంగా ఉంటుంది. కండరం పొడవు మారకుండానే గరిష్ఠంగా బిగుస్తుంది. ఆధునిక పరిభాషలో ఇదే ఐసోమెట్రిక్ బలం. తాలీంఖానాల్లోని దండీలు, బస్కీలు, కుస్తీ మాత్రం కదలికతో కూడిన సాధనలు. ప్రేక్షకుల స్మృతిలో సాధన కంటే ప్రదర్శనే నిలిచిపోయింది.

ఎగసే బలం:

ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. బరువును క్షణంలో పైకి ఎగరవేసే ఈ విద్యకు వేగంతో కూడిన బలం ప్రాణం. ఒకే ప్రాంతం నుండి వచ్చిన ఈ ఇద్దరూ బలానికి రెండు రూపాలు.

శాస్త్ర చరిత్ర:

1953లో జర్మనీలో హెట్టింగర్, ముల్లర్ల పరిశోధన ఐసోమెట్రిక్ సాధనకు విస్తృత ప్రచారం తెచ్చింది. 1960లలో సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ ఎత్తు నుండి దూకి వెంటనే పైకి ఎగిరే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1975లో అమెరికన్ పరుగువీరుడు ఫ్రెడ్ విల్ట్ ఇటువంటి సాధనలకు ‘ప్లయోమెట్రిక్స్’ అని పేరుపెట్టారు. పాదం నేలను తాకినప్పుడు సాగిన కండరం, స్నాయువు వెనువెంటనే కుదించుకొని శక్తిని తిరిగి ఇవ్వడమే ఇందులోని సూత్రం. మన పల్లెల్లోని తొక్కుడుబిళ్ళ, తాడాటల్లో కనిపించే చర్య కూడా ఇదే.

పరుగుకు ప్రయోజనం:

పరుగు అంటే వేలసార్లు ఒంటికాలిపై ఎగరడమే. 1999లో ఫిన్లాండ్‌లో పావోలైనెన్ బృందం జరిపిన పరిశోధనలో 9 వారాల పేలుడుబల శిక్షణతో 5 కిలోమీటర్ల పరుగు సమయం మెరుగుపడింది. గరిష్ఠ ప్రాణవాయు వినియోగం పెరగకుండానే ఈ ఫలితం రావడం గమనార్హం. మెరుగుపడినది పరుగులోని పొదుపు, అంటే ఒకే వేగానికి తక్కువ శక్తిని వెచ్చించగలగడం. 2013లో ఆల్‌బ్రెక్ట్, అరంపాట్‌జిస్‌లు 14 వారాల పాటు పిక్కలకు ఐసోమెట్రిక్ శిక్షణ ఇచ్చినప్పుడు మడమ స్నాయువు దృఢపడి, ఆ పొదుపు సుమారు 4 శాతం పెరిగింది. మార్గాలు వేరైనా రెండు పద్ధతులూ స్నాయువు వద్ద కలుస్తున్నాయి.

భేదమూ ఉంది. ఐసోమెట్రిక్ సాధనలో పెరిగే బలం ప్రధానంగా సాధన చేసిన కీలు కోణానికే పరిమితమవుతుంది. నేలను తాకి వెంటనే లేచే నేర్పు దానితో రాదు. ప్లయోమెట్రిక్ సాధన ఆ నేర్పునిస్తుంది గానీ, సిద్ధపడని కాళ్ళపై పెనుభారం మోపుతుంది.

ముగింపు:

సైనిక నియామక పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగుతోపాటు 9 అడుగుల కందకం దూకడం, కడ్డీపై పుల్ అప్స్, వంకరబాటపై సమతూకంగా నడవడం ఉంటాయి. నిలకడ, ఎగురు రెండూ అక్కడ పరీక్షకు వస్తాయి. అందువల్ల ముందు పిక్కలను, తొడలను బిగించి నిలిపే సాధనతో పునాది వేసి, ఆపై కొద్దికొద్దిగా గెంతులను చేర్చడం సమంజసం. పరికరాలు కొనలేని పల్లె యువకునికి ఈ రెండూ అందుబాటులో ఉన్నవే. రామమూర్తినాయుడి వారసత్వాన్ని ఏనుగును మోసిన ఛాతీలో మాత్రమే వెతికితే సగమే దక్కుతుంది. విజయనగరంలో విద్యార్థులకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయునిలోనూ వెతికినప్పుడే అది నేటి పరుగువీరునికి ఉపకరిస్తుంది.