తాపీ తీరాన దానం: భిక్షాజీవులూ గృహస్థ దాతలూ

నేడు సూరత్ నగరంలో అంతర్భాగమైన కతర్‌గామ్ తాపీ నది ఒడ్డున ఉన్నది. ఈ నదికి దానచరిత్రలో పురాతనమైన స్థానమున్నది. క్షహరాత నహపానుని అల్లుడు ఉషవదాతుడు తాపీతో సహా పలు నదులపై ఉచితంగా పడవలు నడిపించినట్లు నాసిక్ గుహాశాసనం తెలుపుతున్నది. అక్కడి మరొక శాసనం ప్రకారం, తన గుహలో వర్షావాసం చేసే భిక్షువుల కొరకు ఆయన 3000 కార్షాపణాలను గోవర్ధనంలోని సాలెవారి శ్రేణుల వద్ద నిక్షేపించాడు. అందులో 2000పై నెలకు నూటికి ఒకటి చొప్పున ఏటా 240 వడ్డీ వచ్చేది. దానితో 20 మంది భిక్షువులకు తలకు 12 వంతున చీవరాల వెల సమకూరేది. మూలధనం తిరిగి చెల్లించరాదు, వడ్డీని మాత్రమే అనుభవించాలి. అక్షయనీవి యొక్క స్వరూపమిదే.

సొమ్ము శ్రేణిది, ఫలం భిక్షువుది. ఈ విభజన వెనుక ఒక ధర్మసంకటమున్నది. సర్వం త్యజించినవాడు దాత ఇచ్చినదానిని ఏ విధంగా స్వీకరించాలి? వినయపిటకం దీనికి కప్పియకారకుని చూపింది. చీవరానికై పంపిన ధనాన్ని భిక్షువు ముట్టడు. గృహస్థుడైన ఆ నిర్వాహకుడు దానిని చీవరంగా మార్చి అందజేస్తాడు.

ఇదే సంకటం మధ్యయుగ ఐరోపాలో ఫ్రాన్సిస్ అనుయాయులకూ ఎదురైంది. 1223 నాటి వారి నియమావళి నాణెం స్వీకరించడాన్ని నిషేధించి, రోగుల అవసరాలనూ సోదరుల వస్త్రాలనూ ‘ఆధ్యాత్మిక మిత్రుల’ ద్వారా సమకూర్చుకొమ్మన్నది. 1245లో నాల్గవ ఇన్నొసెంట్ పోపు వారు వాడుకొనే ఆస్తుల స్వామ్యాన్ని రోము పీఠానికి చేర్చాడు. 1322లో ఇరవై రెండవ జాన్ పోపు ఆ స్వామ్యాన్ని చాలావరకు వదులుకోవడంతో, వారి అపరిగ్రహ వాదానికి ఆధారమైన న్యాయవ్యవస్థే కదలిపోయింది.

ఆ కాలంలోనే ఈ సన్యాసులు మన పశ్చిమ తీరానికి వచ్చారు. 1321లో నలుగురు ఫ్రాన్సిస్కన్లు ఠాణేలో హతులయ్యారు. అక్కడ వారికి ఆశ్రయమిచ్చినది మఠం కాదు, ఒక నెస్టోరియన్ క్రైస్తవ గృహస్థుని ఇల్లు. డొమినికన్ సభకు చెందిన జోర్డానుస్ అప్పుడు భరూచ్ దిశగా ప్రయాణంలో ఉన్నాడు. ఠాణే నుండి భూమార్గాన భరూచ్ చేరాలంటే తాపీని దాటక తప్పదు. భరూచ్‌లో సుమారు 90 మందికి జ్ఞానస్నానమిచ్చినట్లు ఆయన తన లేఖలో వ్రాశాడు. మృతుల అస్థికలను ఓడొరిక్ అనే ఫ్రాన్సిస్కన్ చైనా రేవైన జైతూన్‌కు చేర్చాడు. జైతూన్‌లో ఒక సంపన్న ఆర్మేనియన్ మహిళ పెద్ద చర్చి కట్టించి, తగిన నిధితో ఆ సోదరులకు అప్పగించింది. ఖాన్‌బాలిక్‌లో వారి రెండవ నివాసానికి 1305లో స్థలం కొనిచ్చినది పీటర్ అనే ఇటలీ వర్తకుడు.

ఆర్మేనియన్ మహిళ ఉదంతం చదివినప్పుడు నాగార్జునకొండ స్ఫురించక మానదు. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి చులధమ్మగిరిపై తామ్రపర్ణి థేరుల కొరకు చైత్యగృహం నిర్మింపజేసింది. ఆ పుణ్యంలో భర్తకూ పుట్టింటివారికీ పాలు పంచింది. దూరదేశం నుండి వచ్చిన భిక్షువులకు స్థానిక గృహిణి నిలువ నీడ కల్పించింది.

అయితే ఒక భేదాన్ని పరిశోధకులు గమనింపవలసి ఉన్నది. ఫ్రాన్సిస్కన్లు స్వామ్యాన్ని సుదూర పీఠానికి అప్పగించారు. ఆ పీఠం మనసు మార్చుకొనగానే వారి వ్రతమే వివాదాస్పదమైంది. నాసిక్ దాత ధనాన్ని స్థానిక శ్రేణులకు అప్పగించాడు. శ్రేణి నిలిచినంత కాలం వడ్డీ నిలిచేది. ఉభయత్రా భిక్షువు త్యాగం పరుల విశ్వసనీయతపై ఆధారపడింది. కనుక దానశాసనం చదివేటప్పుడు దాత ఎవరన్నదానితో సరిపెట్టుకోక, సొమ్ము ఎవరి చేతిలో ఉన్నది, ఫలం ఎవరికి చేరుతున్నది అని విచారించాలి. నేటి విహారాల నిర్వాహకులకు సైతం ఈ ప్రశ్నలు వర్తిస్తాయి.