ఒకే వెబ్‌సైట్, ఎన్నో స్క్రీన్లు: రెస్పాన్సివ్ డిజైన్ అంటే ఏమిటి?

చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉండదు, ఫోనే అన్నిటికీ ఆధారం. పిల్లల స్కాలర్‌షిప్ ఫారమైనా, హాల్‌టికెట్ అయినా అందులోనే తెరవాలి. పేజీని కంప్యూటర్ కోసమే తయారు చేస్తే ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, సబ్మిట్ బటన్ ఎక్కడో పక్కకు పోతుంది. చివరికి డబ్బులిచ్చి నెట్ సెంటర్‌లో నింపించుకోవాల్సిందే. ఈ ఇబ్బంది రాకుండా చూసే పద్ధతే రెస్పాన్సివ్ డిజైన్.

ఎలా మొదలైంది?
ఒకప్పుడు చాలా కంపెనీలు ఫోన్ల కోసం విడిగా ఇంకో సైట్ నడిపేవి. ఒకదానిలో మార్చింది రెండోదానిలో మర్చిపోయేవారు. 2010 మేలో అమెరికా డిజైనర్ ఈథన్ మార్కాట్ 'ఎ లిస్ట్ అపార్ట్' అనే వెబ్ పత్రికలో రాసిన వ్యాసంతో 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే పేరు స్థిరపడింది. సైట్ ఒక్కటే, స్క్రీన్‌ను బట్టి అదే సర్దుకోవాలి అన్నది ఆయన మాట.

ఎలా పనిచేస్తుంది?
ఇందులో మూడు భాగాలున్నాయి.
1. కొలతలు పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో ఇస్తారు. 1000 పిక్సెళ్ల పేజీలో 600 పిక్సెళ్ల వార్త ఉంటే, దాన్ని 60 శాతం అని రాస్తారు.
2. ఫొటోలు తమ గడి దాటకుండా చిన్నవవుతాయి.
3. మీడియా క్వెరీ అనే నియమం స్క్రీన్ వెడల్పు చూసి, పక్కపక్కన ఉన్న కాలమ్‌లను ఒకదాని కింద ఒకటి పెడుతుంది.
వీటితో పాటు వ్యూపోర్ట్ ట్యాగ్ కూడా ఉండాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని కంప్యూటర్ వెడల్పులో వేసి, మొత్తంగా కుదించి చూపిస్తుంది.

తెలుగు, ఉర్దూ సంగతి
లైన్ల మధ్య ఖాళీ తక్కువైతే తెలుగు ఒత్తులు కింది లైన్‌కు తగులుతాయి. ఉర్దూ నస్తాలీఖ్ రాత ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి. పైగా ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, అందుకే పేజీ అమరిక కూడా తిరగాలి. ఇంగ్లిష్‌తో మాత్రమే పరీక్షించిన డిజైన్‌లో ఈ లోపాలు బయటపడవు.

మీరే చూసుకోవచ్చు
షాపుకో, స్కూలుకో సైట్ చేయిస్తున్నారా? పూర్తి డబ్బు ఇచ్చే ముందు మామూలు ఫోన్‌లో తెరవండి. చదవడానికి పక్కకు జరపాల్సి వస్తోందా? వేలితో నొక్కితే పక్క బటన్ పడుతోందా? 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1 ప్రకారం, 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పక్కకు జరపకుండా చదవగలగాలి. మ్యాపులు, పెద్ద పట్టికల్లాంటి వాటికే మినహాయింపు. తెలుగు, ఉర్దూ పేజీలు కూడా విడివిడిగా తెరిచి చూశాకే సరే అనండి.